దిగిందన్న చోట ముందు టేపు, తర్వాతే మాట

ఆకాశంలో ఏదో వెలుగు కనిపించిందని ఎవరైనా చెబితే తీరిగ్గా వెళ్లినా నష్టం లేదు, అక్కడ చెరిగిపోయేదేమీ ఉండదు. "కిందికి దిగింది, పక్కన ఇద్దరు మనుషుల్లా నిలబడ్డారు" అన్న కబురు అలాంటిది కాదు. నేల మీద మిగిలినదానికి ఆయుష్షు కొన్ని గంటలే. గాలి, మంచు, మేకలు ఒకవైపు. వీటన్నిటికంటే ముందే చేరిపోయే జనం ఇంకోవైపు. అందుకే అలాంటి చోటును పరిశీలించే ఈ పనిలో సగం తెలివితేటలు ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసలోనే ఉంటాయి.

అమెరికా వాయుసేనకు ఖగోళ సలహాదారుగా ఉన్న జె. అలెన్ హైనెక్ 1972లో యూఎఫ్ఓల (గుర్తు తెలియని ఎగిరే వస్తువుల) దగ్గరి దర్శనాలను మూడు రకాలుగా విడదీశారు. సుమారు 500 అడుగుల లోపు నుంచి వస్తువును చూస్తే మొదటి రకం. నేల మీదో చెట్టు మీదో బండి మీదో గుర్తు మిగిల్చి వెళితే రెండోది. దానితో పాటు ప్రాణులు కూడా కనిపిస్తే మూడోది. మూడో రకం కబురు రాగానే అందరూ ఆ "మనుషుల" గురించే అడుగుతారు. మీ చూపు మాత్రం రెండో రకం మీద ఉండాలి. మనుషులు వెళ్లిపోయారు, గుంటలు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఈ పని నేర్చుకోవడానికి సొకోరో కేసును మించింది లేదు. అందులో సరిగ్గా చేసినవీ, చేయకుండా వదిలేసినవీ రెండూ కనిపిస్తాయి.

1964 ఏప్రిల్ 24, శుక్రవారం, సాయంత్రం 5:45 ప్రాంతం. న్యూ మెక్సికో రాష్ట్రంలోని సొకోరో ఊళ్లో లానీ జమోరా అనే పోలీసు అధికారి మితిమీరిన వేగంతో పోతున్న ఒక నల్ల షెవ్రొలే కారును తరుముతున్నాడు. పెద్ద హోరు వినిపించి, నైరుతి దిక్కున మంట కనిపించింది. ఆ వైపు డైనమైట్ దాచే చిన్న గది ఒకటి ఉంది, అది పేలిందేమో అనుకుని, తరుముతున్న కారును వదిలేసి తన కారుతో మట్టి దారి పట్టాడు. నిటారుగా ఉన్న గుట్టను కారు మూడో ప్రయత్నానికి గానీ ఎక్కలేదు. పైనుంచి చూస్తే 150, 200 గజాల దూరంలో, ఎండిన వాగులో, బోల్తా పడ్డ కారులా తెల్లగా మెరుస్తూ ఏదో ఉంది. పక్కన తెల్లటి కవరాల్స్ తొడుక్కున్న ఇద్దరు. ఒకరు తన కారు వైపు తిరిగి ఉలిక్కిపడినట్టు అనిపించింది. రేడియోలో ప్రమాదం జరిగినట్టుందని చెప్పి ముందుకెళ్లి దిగేసరికి, తలుపు మూసినట్టు రెండు మూడు చప్పుళ్లు, ఆ వెంటనే మళ్లీ హోరు, కింద నీలం నారింజ రంగుల మంట. వస్తువు కోడిగుడ్డు ఆకారంలో, తలుపులూ కిటికీలూ లేకుండా నున్నగా ఉంది. దాని మీద ఎర్రటి గుర్తు ఒకటి, సుమారు రెండున్నర అడుగుల ఎత్తు. జమోరా పరిగెత్తాడు, కాలు కారుకు కొట్టుకుంది, కళ్లజోడు పడిపోయింది. హోరు ఆగింది. ఆ వస్తువు నేలను అంటిపెట్టుకున్నట్టుగా, డైనమైట్ గది మీదుగా కొండల వైపు వెళ్లిపోయింది. కొద్ది నిమిషాల్లో స్టేట్ పోలీస్ సార్జెంట్ సామ్ ఛావెజ్ వచ్చేసరికి పొదలు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

ఆ రాత్రే ఎఫ్‌బీఐ ఏజెంటు ఆర్థర్ బర్న్స్, వైట్ శాండ్స్ క్షిపణి క్షేత్రం నుంచి సైనికాధికారి రిచర్డ్ హోల్డర్ అక్కడికి చేరి కొలతలు తీసుకున్నారు. హైనెక్ వచ్చింది నాలుగో రోజున. అప్పటికే ఎంతోమంది వచ్చి ఆ నేలంతా తొక్కిపోయారు. ఇవాళ మనకు పనికొచ్చే వివరాలన్నీ దాదాపుగా ఆ మొదటి రాత్రివే.

సంచిలో ఏముండాలి

30 మీటర్ల టేపు (గుడ్డది వద్దు, సాగుతుంది), దిక్సూచి, జెండా కట్టిన మేకులు ఒక ఇరవై, నైలాన్ తాడు, 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, కెమెరా, మంచి టార్చి. మట్టికి మూత గట్టిగా పడే కొత్త గాజు సీసాలు పన్నెండు, ఆకులకు కాగితం కవర్లు, స్టీలు చెంచాలు, స్పిరిట్, దూది, చేతి తొడుగులు. పేజీ నంబర్లున్న నోట్‌బుక్, ఇంకు పెన్ను. పెన్సిల్‌తో రాసింది తర్వాత ఎవరైనా దిద్దారన్న మాట పడుతుంది. దొరికితే గైగర్ కౌంటర్ (రేడియేషన్ కొలిచే పరికరం).

గుంటల అచ్చు పోయడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఎంత కావాలో అందరూ తక్కువ అంచనా వేస్తారు. కిలో పొడికి 600 మి.లీ. నీళ్లు కలిపితే ఒక లీటరు ముద్ద వస్తుంది. సొకోరోలో గుంటలు సుమారు 16 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల లోతు అని బర్న్స్ నమోదు చేశాడు. అంటే 40 × 15 × 5 సెంటీమీటర్లు, మూడు లీటర్లు. ఒక్క గుంటకు మూడు కిలోలు, నాలుగింటికి పన్నెండు. కిలో ప్యాకెట్టు జేబులో వేసుకుని వెళ్లినవాళ్లు కాలి ముద్ర ఒకటి పోసి, మిగతావి ఫొటోతో సరిపెట్టుకుని వస్తారు.

చేరిన వెంటనే

సాక్షిని కూర్చోబెట్టి కథంతా అడగొద్దు. మూడే ప్రశ్నలు. ఎక్కడ దిగింది? మీరు ఎక్కడ నిలబడి చూశారు? అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎవరెవరు ఆ చోట నడిచారు? మూడో ప్రశ్న చాలామంది మరిచిపోతారు. అక్కడ నడిచిన ప్రతివాళ్ల చెప్పు అడుగునూ ఫొటో తీయాలి, లేకపోతే వారం తర్వాత "వింత పాదముద్ర" అని చూపించేది ఊరి పెద్దమనిషి చెప్పు గుర్తే అవుతుంది. పొలం ఎవరిదైతే వారిని అడిగి, అనుమతి తీసుకుని లోపలికి వెళ్లాలి.

గుర్తుల చుట్టూ కనీసం పది మీటర్ల దూరంలో తాడు కట్టండి. లోపలికి వెళ్లడానికి ఒకటే దారి పెట్టుకుని, ఆ దారి వెంట మేకులు పాతండి. మీరూ, మీతో వచ్చినవాళ్లూ అందులోనే నడవాలి. సొకోరోలో ఆ గుంటల చుట్టూ రాళ్లు పేర్చారు. చేతిలో ఏమీ లేనప్పుడు అంతకంటే చౌకైన ఉపాయం లేదు.

ఫొటోలు మూడు దూరాల నుంచి తీయాలి. చుట్టూ పరిసరం కనపడేలా ఒకటి, గుర్తులన్నీ ఒకే చట్రంలో పడేలా ఒకటి, ఒక్కో గుర్తూ నేరుగా పైనుంచి స్కేలుతో సహా ఒకటి. గుంటల్ని మిట్టమధ్యాహ్నం తీస్తే చదునుగా కనిపిస్తాయి. చీకటి పడేదాకా ఆగి టార్చిని నేలకు ఆనించినట్టుగా పక్కనుంచి వేస్తే అంచులు లేచి వస్తాయి. అదే వెలుగును నాలుగు దిక్కుల నుంచీ వేసి నాలుగు ఫొటోలు తీయండి, ఒక వైపు నీడలో దాగినది ఇంకో వైపు దొరుకుతుంది.

కొలతలు, వాటి లెక్క

నాలుగు గుంటలుంటే ఆరు దూరాలు కొలవాలి. నాలుగు భుజాలు, రెండు కర్ణాలు. ఆకారం గీయడానికి అయిదు చాలు, ఆరోది తనిఖీ. గీసిన బొమ్మలో ఆరో దూరం టేపు చూపినదానికి సరిపోకపోతే ఎక్కడో తప్పు చదివారన్నమాట, మళ్లీ కొలవాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది కూడా రాయాలి. గుంట మధ్య నుంచా, లోపలి అంచు నుంచా అన్నది రాయని కొలతలు ఎందుకూ కొరగావు.

సొకోరో గుంటలు చతురస్రంగా లేవు, ఏ భుజమూ ఇంకో భుజానికి సమానం కాదు. అయినా వాటి కర్ణాలు దాదాపు లంబంగా ఖండించుకుంటాయని తర్వాత లెక్క కట్టారు. దీన్ని పరీక్షించడానికి కోణమానిని అక్కర్లేదు. ఎదురెదురు భుజాల వర్గాలు కూడండి. ఉదాహరణకు ఒక జత 3.6, 4.2 మీటర్లు అనుకోండి, వర్గాల మొత్తం 30.60. రెండో జత 4.5, 3.2 అయితే 30.49. రెండు మొత్తాలూ ఇంత దగ్గరగా ఉంటే కర్ణాలు లంబంగా ఉన్నట్టే. ఇది దొరగ్గానే సంబరపడొద్దు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్లూ విడివిడిగా సర్దుకునే యంత్రానికి ఇలా కుదురుతుంది, పారతో తవ్వినవాడు ఈ లెక్క చూసుకోడు అన్నది ఒక వాదన. నాలుగు చుక్కలిస్తే ఏదో ఒక లెక్క కుదిరేదాకా వెతకొచ్చు అన్నది ఎదురు వాదన. నాకైతే రెండోదే ఎక్కువ బలంగా కనిపిస్తుంది. తేల్చాల్సింది గుంట అడుగు.

తవ్విన గుంటలో గోడలు కోసినట్టుంటాయి, అడుగు గుల్లగా ఉంటుంది, తీసిన మట్టి ఎక్కడో ఒక పక్కన కుప్పగా ఉండాలి. బరువు దిగిన గుంటలో అడుగు గట్టిపడి ఉంటుంది, మట్టి అంచుల మీదికి ఉబ్బుతుంది, చిన్న వేర్లు తెగకుండా వంగి నొక్కుకుపోతాయి. బర్న్స్ గమనించింది ఇదే: ఒక్కో గుంటా మధ్య నుంచి బయటికి ఏటవాలుగా దిగినట్టు, మట్టిని దూరపు అంచు వైపు తోసినట్టు ఉందని. మీ వేలితో అడుగును నొక్కి చూసి, పక్కనే తాకని నేలను అలాగే నొక్కి చూసి, తేడాను మాటల్లో రాయండి.

బరువు అంచనా కావాలంటే 5 × 5 సెం.మీ. చెక్క దిమ్మెను తాకని నేల మీద పెట్టి, దాని మీద 70 కిలోల మనిషి మెల్లగా నిలబడాలి. చదరపు సెంటీమీటరుకు 2.8 కిలోలు పడుతుంది. దిమ్మె ఎంత దిగిందో కొలిచి గుంట లోతుతో పోల్చొచ్చు. రెండూ సమానమైతే 600 చదరపు సెంటీమీటర్ల గుంటకు 1,680 కిలోలు వస్తుంది. ఈ అంకెను పత్రికలకు చెప్పే ముందు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పైనుంచి ధబ్బున పడితే తక్కువ బరువుకే అంత లోతు పడుతుంది. చిన్న దిమ్మె దిగినంత తేలిగ్గా పెద్ద పాదం దిగదు. కాబట్టి అది బరువు కాదు, ఊహకు ఒక హద్దు మాత్రమే.

అచ్చు పోసేటప్పుడు పొడి ఇసుక నేలైతే ముందు హెయిర్ స్ప్రేను రెండడుగుల ఎత్తు నుంచి తుంపరగా పడనివ్వాలి. నేరుగా కొడితే ఇసుక ఎగిరి గీతలు చెరిగిపోతాయి. చుట్టూ అట్టముక్కతో గట్టు కట్టి, ముద్దను చెంచా మీదుగా జారుస్తూ ఒక మూల నుంచి నింపండి. సగం నిండాక చిన్న ఇనుప జల్లెడ ముక్క పరిస్తే ఎత్తేటప్పుడు విరగదు. అరగంట ఆగి ఎత్తండి, అడుగున అంటుకున్న మట్టిని ఆ రోజు కడగొద్దు. ఒక రోజంతా ఆరాక మెత్తటి బ్రష్‌తో తీయాలి. మట్టి నమూనాలు అచ్చు కంటే ముందే తీసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు, ప్లాస్టర్ పడ్డ మట్టిని ల్యాబు ఏం చేసుకుంటుంది?

మట్టి, ఆకు

కాలిన చోట నుంచి మట్టి తేవడం ఎవరైనా చేస్తారు. కాలని చోట నుంచి తేవడమే అసలు పని. పోల్చడానికి మామూలు మట్టి లేకపోతే ల్యాబు చెప్పేది ఆ ఊరి మట్టి గుణం గురించే. మధ్య నుంచి ఒకటి, అంచు నుంచి ఒకటి, తర్వాత నాలుగు దిక్కుల్లో 5, 20 మీటర్ల దూరాన ఒక్కోటి, అంటే పది సీసాలు. పై రెండు సెంటీమీటర్ల మట్టి మాత్రమే, ఒక్కో సీసాలో 200 గ్రాములు. సీసా మార్చినప్పుడల్లా చెంచాను స్పిరిట్‌తో తుడవాలి. ఇంధనపు ఛాయలు వెతకాలనుకుంటే ప్లాస్టిక్ సంచి పనికిరాదు, ప్లాస్టిక్ రసాయనాలే మట్టిలోకి దిగుతాయి. ఆకులకు తిరకాసు వేరు: ప్లాస్టిక్‌లో చెమటపట్టి బూజు పడతాయి, కాబట్టి కాగితం కవరు. మిగిలిన రెండు సీసాల్లో ఒకటి ఖాళీగా మూత తీసి, మళ్లీ బిగించి తీసుకెళ్లండి. సీసాలోనే ఏదైనా ఉందేమో అదే చెబుతుంది.

సొకోరోలో మట్టినీ కాలిన పొదలనూ పరీక్షించిన వాయుసేన ల్యాబుకు రాకెట్ ఇంధనపు రసాయనాలేవీ కనిపించలేదు, రేడియేషన్ కూడా మామూలే. దానికి ఉల్టాగా ఫ్రాన్స్‌లోని ట్రాన్స్-ఆన్-ప్రొవాన్స్‌లో 1981 జనవరి 8న దిగిందన్న వస్తువు కేసులో, ఫ్రెంచి అంతరిక్ష సంస్థ కింద పనిచేసే గెపాన్ విభాగం తెప్పించిన పరీక్షల్లో నేల వేడెక్కిన ఛాయలు, అక్కడి అల్ఫాల్ఫా (పశువుల మేత మొక్క) ఆకుల్లో పత్రహరితం 30 నుంచి 50 శాతం తగ్గుదల కనిపించాయి. అయినా అది బండి టైరు గుర్తేనన్న వాదన ఆగలేదు. ఆ చోట వాహనాలు తిరుగుతాయి మరి. దూరపు నమూనాలు తొలిరోజే ఎన్ని ఎక్కువ తీస్తే ఇలాంటి వాదన అంత తొందరగా తేలుతుంది.

గైగర్ కౌంటర్ ఉంటే ముందు వంద మీటర్ల అవతల పది నిమిషాలు లెక్కపెట్టండి, తర్వాతే గుర్తు మీద పది నిమిషాలు. అక్కడ 400 వస్తే ఇక్కడ 420 రావడంలో వింతేమీ లేదు, 400కు వర్గమూలం 20, అంత ఊగిసలాట మామూలే. 480 వస్తే మళ్లీ కొలవాలి. నిమిషం పాటు పెట్టి "టిక్కు టిక్కుమంది" అని రాసినవాళ్ల మాట లెక్కలోకి రాదు.

సాక్షితో మాట్లాడటం

ఇక్కడ తెలుగులో మనకే ఉన్న చిక్కు ఒకటుంది. మన క్రియ లింగం చెప్పకుండా ఊరుకోదు. "వాడు ఏం చేశాడు?" అని అడిగితే మగమనిషి అని మీరే తేల్చేశారు. "అది ఏం చేసింది?" అంటే జంతువో యంత్రమో అన్న భావం పడిపోతుంది, ఆడమనిషి అనుకోవడానికీ వీలుంటుంది. "వాళ్లు ఎలా ఉన్నారు?" అంటే మనుషులే అని ఒప్పుకున్నట్టు. అందుకని మొదటి విడతలో క్రియ లేకుండా అడగాలి: "ఆ తర్వాత?" "ఎటు వైపు?" "చేతులు?" సాక్షి తనంతట తాను "నిలబడ్డాడు" అన్నాడా, "నిలబడింది" అన్నాడా అన్నది అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. మొదట "ఏదో నిలబడింది" అని, అరగంట తర్వాత "వాడు నన్నే చూశాడు" అంటే, ఆ అరగంటలో ఆయనతో ఎవరు మాట్లాడారో కనుక్కోవాలి.

పేర్ల విషయమూ అంతే. పెద్దవాళ్లు "కొరివి దయ్యం" అంటే అలాగే రాయండి, దాన్ని యూఎఫ్ఓగా మార్చి రాసే హక్కు మీకు లేదు. "చాటంత", "తాటిచెట్టంత ఎత్తు" అన్నారనుకోండి, అది ఎంతో వాళ్ల చేతే చూపించాలి. "పెద్దాయనా, ఆ తాడిచెట్టుకి సగందాకా ఉందా, మొవ్వు దాటిందా?" అని ఎదురుగా ఉన్న చెట్టును చూపించి అడిగితే కొలత దొరుకుతుంది. అయితే దూరం తెలియకుండా ఎత్తు తెలియదు.

మొదటి విడత ఆపకుండా చెప్పనివ్వండి. రెండో విడత వెనక నుంచి ముందుకు అడగండి, వెళ్లిపోయిన క్షణం నుంచి మొదటి హోరు దాకా. అల్లిన కథ ముందుకు బాగానే నడుస్తుంది, వెనక్కి నడిపితే తడబడుతుంది. కానీ తడబాటు ఒక్కటే చూసి అబద్ధమనొద్దు, భయపడ్డవాళ్లూ తడబడతారు. మూడో విడత అదే చోట, అదే వేళకు నిలబెట్టి. ఇద్దరు సాక్షులుంటే విడివిడిగా, ఒకరి బొమ్మ ఇంకొకరు చూడకముందే గీయించాలి.

కళ్లజోడు గురించి తప్పక అడగండి. జమోరా పవర్ కళ్లద్దాల మీద ఆకుపచ్చ చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. అతను చెప్పిన నీలం, నారింజ రంగుల మీద ఆ సంగతి ప్రభావం చూపకుండా ఉండదు.

వశీకరణ నిద్ర జోలికి పోవద్దు. యూఎఫ్ఓ తమను ఎత్తుకుపోయిందన్న 1961 నాటి అమెరికా దంపతులు బెట్టీ, బార్నీ హిల్ కేసులో హిప్నాసిస్ చేసిన డాక్టర్ బెంజమిన్ సైమనే చివరికి, ఆ అపహరణ కథకు మూలం బెట్టీకి వచ్చిన కలలేనన్న అభిప్రాయానికి వచ్చారు. నిద్రపుచ్చి రాబట్టిన మాటకూ కలకూ మధ్య గీత గీయడం ఎవరి తరమూ కాదు.

ఎంత కనిపించి ఉంటుంది

చేయి చాపితే చిటికెన వేలి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ, బొటనవేలు రెండు, బిగించిన పిడికిలి పది. నిండు చందమామ అర డిగ్రీ. 57 మీటర్ల దూరంలో ఒక మీటరు వస్తువు ఒక డిగ్రీ ఉంటుంది. ఈ ఒక్క లెక్క కంఠతా ఉంటే చాలు.

సొకోరోకు దీన్ని వేసి చూడండి. ఆ ఇద్దరూ పొట్టి పెద్దవాళ్లో, ఎదిగిన పిల్లలో అయ్యుండొచ్చని జమోరా చెప్పాడు. 150 గజాలంటే 137 మీటర్లు. అంత దూరంలో 1.2 మీటర్ల పిల్లవాడు 0.5 డిగ్రీ, 1.7 మీటర్ల పెద్దమనిషి 0.7 డిగ్రీ. తేడా చందమామలో సగం కూడా లేదు. అతను చూసింది కదులుతున్న కారులోంచి, రెండు మూడు సెకన్లు. దూరం 150 గజాలు కాక 200 అయితే పిల్లవాడు అనుకున్నది పెద్దమనిషే కావొచ్చు. "మనిషి లాంటి, కానీ మనిషి కాని" అన్న మాట మొత్తం ఎంత సన్నని తీగ మీద వేలాడుతోందో ఈ లెక్క చూపిస్తుంది. అతను అబద్ధం చెప్పాడని కాదు, కన్ను ఇవ్వగలిగింది అంతే. తెల్లగుడ్డలు తొడిగిన ఇద్దరిని అదే దూరంలో నిలబెట్టి, ఒకరు పొట్టి, ఒకరు పొడుగు, సాక్షిని అదే చోట నుంచి మూడు సెకన్లు చూడమనండి. ఏది ఎవరో చెప్పలేకపోతే నివేదికలో ఎత్తు గడి ఖాళీగా వదిలేయాలి.

సమయానికి సాక్షి గడియారం కంటే బయటి లాగ్ మేలు. జమోరా రేడియో పిలుపులు అలాంటివే. ఇవాళ ఫోన్ కాల్ చిట్టా, వాట్సాప్ మెసేజి వేళ, పెట్రోలు బంకు సీసీ కెమెరా ఉన్నాయి. ఇంకో సంగతి. అది ఎగిరిపోతుండగా జమోరా రేడియోలో, పిలుపులు అందుకునే డిస్పాచర్‌ను కిటికీలోంచి చూడమన్నాడు. ఏ కిటికీయో చెప్పలేదు. ఆ గది కిటికీ ఉత్తరానికి ఉంది, వస్తువు ఆ వైపు లేదు. రెండో సాక్షి అలా చేజారాడు. మీ ఊళ్లో ఎవరైనా ఫోన్ చేసి "ఇప్పుడు కనిపిస్తోంది" అంటే, ముందు దిక్కు అడిగి, ఆ దిక్కుకు అడ్డంగా ఉన్న ఇంకో ఊళ్లో తెలిసినవాళ్లను అదే నిమిషంలో మిద్దె ఎక్కమనండి. రెండు చోట్ల నుంచి దిక్కులు దొరికితే దూరం దానంతటదే తేలుతుంది.

ఒక వివరం దాచాలి

కబురు పత్రికల్లో వచ్చాక అలాంటి వస్తువే చూశామని మరికొందరు వస్తారు. వాళ్లు నిజంగా చూశారో, చదివి చెబుతున్నారో తేల్చడానికి ఒక వివరాన్ని బయటపెట్టకూడదు. సొకోరోలో ఆ ఎర్ర గుర్తు అసలు ఆకారాన్ని దాచమని అధికారులు జమోరాకు చెప్పారంటారు. ఉపాయం మంచిదే, అమలులో దెబ్బతింది. బాణం మీద చాపం ఉన్న బొమ్మ ఒకటి, తిరగేసిన వి అక్షరానికి మూడు గీతలున్నది ఇంకొకటి, రెండూ చలామణీలోకి వచ్చి, ఏది అసలుదన్న తగువు ఇప్పటికీ నడుస్తోంది. మీరు దాచేటట్టయితే అసలు బొమ్మను సాక్షి చేతే గీయించి, తేదీ సంతకంతో కవరులో పెట్టి, అతుకుల మీద ఇద్దరు సంతకాలు చేసి మూయండి. బయటికి తప్పుడు బొమ్మ ఇవ్వడం కంటే ఏమీ ఇవ్వకపోవడం నయం.

మామూలు కారణాలు వెతకడం

ఇందులో బద్ధకించినవాళ్ల నివేదిక ఎవరూ చదవరు. విమానాలకు ఫ్లైట్‌రాడార్24 చూడొచ్చు. ఉపగ్రహాల, గ్రహాల లెక్క యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంటుంది, మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. ఇది కలపడం మరిచి శుక్రుణ్ణి వదిలేసినవాళ్లు చాలామంది. దిగిన వస్తువు విషయంలో ముందు చూడాల్సింది బెలూన్లు, హెలికాప్టర్లు, పరీక్షా వాహనాలు.

తెలుగు నేల మీద ఇది బొత్తిగా ఊహ కాదు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి వదిలే పల్చటి పాలిథీన్ బెలూన్లు 30 కిలోమీటర్ల పైకి వెళ్లి, వాటి పరికరాలు రంగు పారాచూట్లతో వందల కిలోమీటర్ల అవతలి పొలాల్లో దిగుతాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లాలో దిగిన గుండ్రటి పెద్ద వస్తువును చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలాయి. అది బెలూన్‌తో మనుషుల్ని పైకి తీసుకెళ్లాలనుకునే హాలో స్పేస్ అనే సంస్థ నమూనా క్యాప్సూల్, అదే కేంద్రం నుంచి వెళ్లింది. దాని వెంట వెతుక్కుంటూ వచ్చే మనుషులు నిజమైన మనుషులే! అలాంటిది కనిపిస్తే విప్పొద్దు, 112కు చెప్పండి.

సొకోరోకు వచ్చిన కారణాలూ ఇలాంటివే. ఇలాంటి కబుర్లను పరిశీలించే వాయుసేన బ్లూ బుక్ ప్రాజెక్టు అధిపతి హెక్టర్ క్వింటనిల్లా చంద్రుడి మీద దిగే యంత్రాల తయారీదారుల దాకా వెళ్లి విచారించారు. వైట్ శాండ్స్‌లో అదే రోజు సర్వేయర్ అనే అలాంటి యంత్రాన్ని హెలికాప్టర్‌కు కట్టి పరీక్షించినట్టు లాగ్ ఉంది గానీ అది పొద్దుటి పూట. 1968లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ అడిగితే, అక్కడి న్యూ మెక్సికో టెక్ అధ్యక్షుడు స్టర్లింగ్ కోల్గేట్ అది విద్యార్థుల తుంటరి పని అన్నట్టు జవాబిచ్చారు. బెలూన్‌తో చేశారంటే గాలి దిక్కు కుదరాలి, ఆ రోజు గాలి బలంగా వీస్తోందని జమోరాయే చెప్పాడు. తుంటరి పని అనేవాళ్లు చెప్పాల్సింది ఆ హోరు, మంట, గుంటలు దేనితో చేశారన్నది. ప్రతి కారణానికీ ఇలా రెండు గడులు పెట్టండి: ఇది నిజమైతే ఇంకా ఏం కనిపించాలి, అది కనిపించిందా. ఆ నల్ల షెవ్రొలే నడిపినవాడు దొరికి ఉంటే ఎన్ని గడులు నిండేవో.

వస్తువు చేతికొస్తే

1961 ఏప్రిల్ 18న అమెరికాలో విస్కాన్సిన్‌లోని ఈగల్ రివర్ దగ్గర ఒక కోళ్ల రైతు, తన వాకిట్లో దిగిన మెరిసే వాహనంలో అయిదడుగుల ఎత్తు మనుషుల్ని చూశానన్నాడు. వాళ్లు కూజా ఇచ్చి నీళ్లు అడిగారట, లోపల ఒకడు మంట లేని పొయ్యి మీద అట్లు పోస్తున్నాడట. నీళ్లిచ్చినందుకు కొన్ని అట్లు ఇచ్చి వెళ్లారు. మూడంగుళాల వెడల్పు, చిన్న చిన్న చిల్లులు. ఒకటి తిని చూసి, రుచి అట్టముక్కలా ఉందన్నాడు. ఒక అట్టు వాయుసేన ద్వారా ప్రభుత్వ ఆహార ప్రయోగశాలకు వెళ్లింది. పిండిపదార్థం, కొవ్వు, బక్‌వీట్ పొట్టు, సోయా పొట్టు, గోధుమ తవుడు ఉన్నాయనీ, అది మామూలు భూమ్మీది అట్టేననీ తేల్చారు.

ఇక్కడ నేర్చుకోవాల్సింది రెండు. తినొద్దు. చేతి తొడుగుతో తీసి, స్కేలు పక్కన ఫొటో తీసి, బటర్ పేపర్‌లో చుట్టి, సగాన్ని ఫ్రీజర్‌లో ఉంచి మిగతా సగాన్నే ల్యాబుకు పంపండి, ఇంటి వంటగది పిండి కూడా విడి పొట్లంలో. ఆ పిండీ ఈ పిండీ ఒకటో కాదో అప్పుడే తెలుస్తుంది. రెండోది, ల్యాబు అట్టు దేనితో చేశారో చెబుతుంది గానీ ఎవరు పోశారో చెప్పదు.

ఫైలు మూయడం

బ్లూ బుక్ 1969లో మూతపడేనాటికి 12,618 కబుర్లు చేరితే 701 గుర్తు తెలియనివిగా మిగిలాయి. సొకోరో అందులో ఒకటి. జమోరా 2009లో చనిపోయేదాకా తన మాట మార్చలేదు. "గుర్తు తెలియనిది" అంటే కారణం దొరకలేదనే అర్థం, వేరే లోకం నుంచి వచ్చిందని కాదు. ఫ్రాన్స్ విభాగం కేసుల్ని నాలుగు అక్షరాలుగా పెడుతుంది: ఎ తేలింది, బి బహుశా తేలింది, సి సమాచారం చాలదు, డి సమాచారం ఉన్నా తేలలేదు. మీ ఫైలు డి లోకి వెళ్లాలంటే ముందు సి లోంచి బయటపడాలి. దూరపు నమూనాలు లేకపోయినా, ఆరో కొలత లేకపోయినా, గాలి దిక్కు రాయకపోయినా సి అనే రాయండి, సాక్షి ఎంత మంచివాడైనా సరే. మొదటి పేజీ మీద అక్షరం, తేదీ, కొలతలు తీసింది దిగిన ఎన్ని గంటలకో ఆ అంకె. ఆ తర్వాత ఖాళీ సీసాతో సహా సీసాల నంబర్లు, మూసిన కవరు ఎవరి దగ్గరుందో ఆ పేరు.